మంగళవారం సెమినార్

1980 జనవరి 22, మంగళవారం. మధ్యాహ్నం మాస్కోలో ఆంద్రేయ్ సఖరోవ్ ఇంట్లోంచి బయల్దేరాడు. సైన్స్ అకాడమీ వాళ్ళ కారు. వెళ్తున్నది లెబెదెవ్ భౌతికశాస్త్ర సంస్థకి. అక్కడందరూ దాన్ని ఫియాన్ అంటారు. ఆ సంస్థ సిద్ధాంత విభాగంలో ప్రతి మంగళవారం సెమినార్ ఉంటుంది. దారిలో క్రస్నొఖోల్మ్‌స్కీ వంతెన దగ్గర ట్రాఫిక్ పోలీసులు కారు ఆపారు. అక్కణ్ణించి ఆయన్ని ప్రాసిక్యూటర్ ఆఫీసుకి తీసుకెళ్ళారు. ప్రభుత్వం ఇచ్చిన బిరుదులన్నీ రద్దయ్యాయనీ, ఇక మాస్కోలో ఉండటానికి వీల్లేదనీ చెప్పారు. అదే రోజు విమానం ఎక్కించి గోర్కీ పంపేశారు. మాస్కోకి తూర్పున 400 కిలోమీటర్ల దూరంలో, విదేశీయుల్ని అడుగు పెట్టనివ్వని ఊరది. విచారణ లేదు, కోర్టు లేదు, ఎన్నాళ్ళన్న గడువూ లేదు.

ఈ కథ చాలామందికి తెలిసే ఉంటుంది. సోవియట్ హైడ్రోజన్ బాంబు తయారుచేసిన మనిషి, తర్వాత అణ్వాయుధాలకీ అణచివేతకీ ఎదురుతిరిగి 1975లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న మనిషి, అఫ్ఘానిస్తాన్ మీద దాడి తప్పని బాహాటంగా అన్నందుకు దొరికిపోయాడు. నేనూ ఈ కథ రెండు మూడు చోట్ల చదివాను. చదివిన ప్రతిసారీ నా కన్ను బాంబు మీదో, బహుమతి మీదో నిలిచింది గానీ, ఆ మధ్యాహ్నం ఆయన వెళ్తున్నది ఎక్కడికి అన్న ముక్క మీద నిలవలేదు. దేశమంతా తన మీద విరుచుకుపడబోతోందని తెలిసిన మనిషి, ఏ ఊరేగింపుకో ప్రెస్ మీట్‌కో కాదు, వారం వారం వెళ్ళే సెమినార్‌కే వెళ్తున్నాడు.

మంగళవారం ఏ పనీ మొదలుపెట్టకూడదనేది మా అమ్మమ్మ. ఆవిడ లెక్కలో చూస్తే ఆ ప్రయాణం మొదట్లోనే చెడింది. కానీ అది పూర్తి కావడానికి పట్టిన కాలం గురించి ఆలోచిస్తూ ఉంటే, నాకు అసలు సెమినార్ అన్న మాటకే అర్థం తెలీదేమో అనిపించింది.

*

మనలో ఇంజనీరింగ్ చదివినవాళ్ళకి ఆ మాట వినగానే ఫోర్-టూ గుర్తొస్తుంది. మార్కులుంటాయి కాబట్టి అందరూ ఇస్తారు. ఇరవై స్లైడ్లు, మొదటి దాంట్లో పేరూ రోల్ నంబరూ, చివరి దాంట్లో గులాబీ పువ్వు పక్కన థాంక్యూ. నేను తీసుకున్న టాపిక్ బ్లాక్ హోల్స్. మా బ్రాంచికి దానితో ఏ సంబంధమూ లేకపోయినా, వింటానికి గొప్పగా ఉంటుందని. స్లైడ్లు చూసి చదువుతుంటే వెనక బెంచీలోంచి ఒక స్నేహితుడు చెయ్యెత్తాడు. "బయటికి ఏదీ రాదంటున్నావు కదా, మరి దాని గురుత్వాకర్షణ బయటికెలా వస్తోంది?" చాలా మంచి ప్రశ్న అది. నాకు జవాబు తెలీదు. మాస్టారు వాచీ చూసుకుని "టైమ్ లేదు, కూర్చో" అన్నారు, నాతో కాదు, వాడితో. వాడు కూర్చున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఊరట ఇప్పటికీ గుర్తుంది. గుర్తొచ్చినప్పుడల్లా ఎందుకో సిగ్గేస్తుంది.

ఇక సాహిత్యంలో సెమినార్ అంటే సదస్సు. వేదిక, ముఖ్య అతిథి, జ్యోతి ప్రజ్వలన, శాలువా. పత్ర సమర్పణ అయ్యేసరికి భోజనాల వేళవుతుంది. ప్రశ్నలకి సమయం కేటాయించడం మర్యాద, అడక్కపోవడం ఇంకా పెద్ద మర్యాద. అయితే మాట్లాడేవాణ్ణి ఆపి అడిగే సంప్రదాయం మనకి లేదనడానికీ లేదు. అవధానంలో పృచ్ఛకుల పనే అది. పద్యం మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవాడికి అడ్డుతగలడమే ధర్మం. మాస్కో సెమినార్ల గురించి చదువుతున్నప్పుడు నాకు పోలికకి దొరికింది ఆ ఒక్కటే. తేడా ఏమిటంటే, అక్కడ గదిలో ఉన్నవాళ్ళంతా పృచ్ఛకులే.

*

ఆ సెమినార్లన్నిట్లోకీ పేరుమోసింది లెవ్ లాండావ్‌ది. మాస్కోలో ప్యోతర్ కపీట్సా నడిపే భౌతిక సమస్యల సంస్థలో, గురువారం పదకొండింటికి. పదకొండంటే పదకొండే. ఒక్క నిమిషం మిగిలి ఉండగా, ఆగుదాం, మిగ్దాల్ వస్తాడేమో అని లాండావ్ హాస్యమాడేవాడని శిష్యులు చెప్పుకునేవారు. తరచూ ఆలస్యంగా వచ్చే ఒక మిత్రుడి మీద విసురు అది.

పద్ధతి చాలా సాదాగా ఉండేది. సభ్యులు అక్షరక్రమంలో వంతులవారీగా మాట్లాడాలి. కొత్తగా వచ్చిన 'ఫిజికల్ రివ్యూ' సంచిక తిరగేసి, ఏయే వ్యాసాలు చెప్పాలో లాండావ్ గుర్తుపెట్టి ఇచ్చేవాడు. తను వ్యాసాలు పెద్దగా చదివేవాడు కాదు. ఎవరో చదివొచ్చి చెబితే విని, అవసరమైన లెక్క తనే చేసుకునేవాడు. కాబట్టి చెప్పేవాడికి ఆ వ్యాసం ఆసాంతం అర్థమై ఉండాలి. రచయిత అలా రాశాడు అంటే కుదరదు, ఎందుకలా అన్నదానికి నువ్వే జవాబుదారీ. మధ్యలో ఎవరైనా ఆపొచ్చు. తయారవకుండా వచ్చినవాడి పరువు ఆ గురువారంతో సరి.

ఆ గదిలోకి రావాలంటే ముందు 'సిద్ధాంత కనీసం' అనే పరీక్షలు గట్టెక్కాలి. మొత్తం తొమ్మిది, అందులో రెండు గణితం. పాసైనవాళ్ళ జాబితాని లాండావ్ స్వయంగా రాసిపెట్టుకున్నాడు. 1961 నాటికి అందులో ఉన్న పేర్లు 43.

ఈ కరుకుదనం ఎక్కణ్ణించి వచ్చింది? మనిషి స్వభావమే అలాంటిదన్నది ఒక జవాబు. ఆ కాలం ఇంకో జవాబు. 1937లో ఖార్కోవ్‌లో లాండావ్ మిత్రుడు లెవ్ షుబ్నికోవ్‌ని కాల్చి చంపారు. గురుత్వాకర్షణకి క్వాంటమ్ సూత్రాలు అన్వయించడానికి మొట్టమొదట ప్రయత్నించిన వాళ్ళలో ఒకడైన మత్వేయ్ బ్రోన్‌స్టైన్‌ని 1938 ఫిబ్రవరిలో చంపేశారు. అప్పటికతనికి 31 ఏళ్ళు. అదే ఏడు ఏప్రిల్‌లో లాండావ్ అరెస్టయ్యాడు. ఏడాది జైల్లో ఉన్నాడు. ద్రవ హీలియం విషయంలో తను కనిపెట్టిన వింతని వివరించగలిగింది లాండావ్ ఒక్కడేనని పైవాళ్ళకి ఉత్తరాలు రాసి, పూచీ పడి కపీట్సా విడిపించాడు. 1941లో లాండావ్ ఆ వివరణ ఇచ్చాడు. 1962లో దానికే నోబెల్ వచ్చింది.

బయట ఒక మాట తప్పు దొర్లితే ప్రాణం పోయే కాలంలో, ఆ గదిలో మాట తప్పయితే పోయేది పరువొక్కటే. "అది తప్పు" అని మొహం మీద అనగలిగే చోటు అంత పెద్ద దేశంలో ఎన్ని ఉండి ఉంటాయి? వాళ్ళ కరుకుదనం నాకు కొంతవరకు స్వేచ్ఛలాగే కనిపిస్తుంది.

కొంతవరకే. ఎందుకంటే ఆ గదికీ ఒక రాజున్నాడు. 1950లో లాండావ్, విటాలీ గింజ్‌బుర్గ్ కలిసి అతివాహకతకి కొన్ని సమీకరణాలు రాశారు. వాటిని పట్టుకుని 1953లో అలెక్సీ అబ్రికోసొవ్ ఒక చిత్రమైన ఫలితం చేరాడు. కొన్ని అతివాహకాల్లో అయస్కాంత క్షేత్రం సన్నని గొట్టాల్లాగా లోపలికి దిగుతుంది, ఒక్కో గొట్టం చుట్టూ విద్యుత్తు సుడి తిరుగుతుంది, ఆ సుడులన్నీ ముగ్గులో చుక్కల్లాగా వరసగా అమరుతాయి. లాండావ్ ఒప్పుకోలేదు. పాతికేళ్ళ శిష్యుడు దాన్ని పక్కన పెట్టేశాడు. తర్వాత అమెరికాలో ఫైన్‌మన్ ద్రవ హీలియంలో సుడుల గురించి రాశాక గానీ లాండావ్ మెత్తబడలేదు. అబ్రికోసొవ్ పేపరు అచ్చయింది 1957లో. ఈ ఆలస్యం గురించి తన నోబెల్ ఉపన్యాసంలో ఆయనే చెప్పాడు. ఆ ఉపన్యాసం ఇచ్చేనాటికి 2003 వచ్చింది.

ఇవాళ స్కానింగ్ సెంటర్లో ఎమ్మారై యంత్రం లోపలి అయస్కాంతం చుట్టిన తీగలు ఆ జాతి అతివాహకమే. మరి ఎవరైనా ఎవర్నైనా ఆపి అడగొచ్చన్న గదిలో, పాతికేళ్ళవాడు నాలుగేళ్ళు ఎందుకు ఊరుకున్నాడు? మా ఆఫీసులో డిజైన్ రివ్యూలు చూసినవాడిగా నాకు ఇది ఊహించుకోవడం కష్టం కాదు. అందరికీ ప్రశ్నించే హక్కుంటుంది. కానీ ఒకే ఒక్కడి ప్రశ్నకి బరువుంటుంది. అతను పెదవి విరిస్తే ఇక ఆ గదిలో చర్చ ముగిసినట్టే. లాండావ్ దుర్మార్గుడు కాడు, చాలాసార్లు అతని మాటే ఒప్పు కూడా. చిక్కు అక్కడే ఉంది. చాలాసార్లు ఒప్పయ్యే మనిషిని కాదనడం, ఎప్పుడూ తప్పయ్యేవాణ్ణి కాదనడం కంటే కష్టం.

1962 జనవరి 7న కారు ప్రమాదంలో లాండావ్ తీవ్రంగా గాయపడ్డాడు. బతికాడు గానీ మళ్ళీ భౌతికశాస్త్రంలోకి రాలేకపోయాడు. ఆయన నడిపిన గురువారాలు అక్కడితో ఆగిపోయాయి.

*

బుధవారాలు ఇంకా ఉన్నాయి. ఫియాన్‌లో గింజ్‌బుర్గ్ నడిపిన సెమినార్ వేరే తరహా. పరీక్ష రాయక్కర్లేదు, ఎవరైనా రావచ్చు. అందుకని అది పెద్ద హాల్లో జరిగేది, వందల మంది వచ్చేవారు. కాస్మిక్ కిరణాలు, పల్సార్లు, అతివాహకత, ఎక్కడో ఎవరో చేసిన కొత్త ప్రయోగం, ఏదైనా సరే. తన విషయం కాని విషయం విని తిట్టుకుంటూనే ఏదో నేర్చుకుని వెళ్ళడం ఆ బుధవారం లక్షణం. యాభైల్లో మొదలైన ఆ సెమినార్ 2001 నవంబర్ 21న 1700వ సమావేశంతో ముగిసింది. అది కూడా బుధవారమే. అప్పటికి గింజ్‌బుర్గ్‌కి 85 ఏళ్ళు. రెండేళ్ళ తర్వాత అబ్రికోసొవ్‌తో, ఆంథొనీ లెగెట్‌తో కలిసి నోబెల్ పంచుకున్నాడు.

గింజ్‌బుర్గ్ తిరుగుబాటుదారు కాడు. కానీ భయం ఎలా ఉంటుందో బాగా తెలిసిన మనిషి. ఆయన భార్య నీనాని స్తాలిన్ మీద కుట్ర పన్నిందని యుద్ధకాలంలో అరెస్టు చేశారు. తర్వాత ఆమె ప్రవాసంలో గడిపింది గోర్కీ ప్రాంతంలోనే. స్తాలిన్ చనిపోయేదాకా ఆమెని మాస్కోలో ఉండనివ్వలేదు. ఆయన పాఠాలు చెప్పడానికంటూ గోర్కీకి వెళ్ళి వచ్చేవాడు. అందుకే 1980లో సఖరోవ్‌ని ఎక్కడికి పంపారో విన్నప్పుడు, ఆ విభాగానికి అధిపతిగా ఉన్న గింజ్‌బుర్గ్‌కి ఆ ఊరి దారి కొత్త కాదు.

ఇంకో వారం కూడా ఉంది, ఆదివారం. డెబ్బైల్లో ఇజ్రాయెల్ వెళ్ళిపోతామని వీసా అడిగిన యూదు శాస్త్రవేత్తలకి వీసా రాకపోగా ఉద్యోగం పోయేది. ఉద్యోగంతో పాటు ల్యాబు, లైబ్రరీ, సెమినార్ గది తలుపు కూడా మూసుకుపోయేవి. పని లేనివాడు ఆ దేశంలో నేరస్థుడు కూడా కాబట్టి బడుద్ధాయిలని కేసు పెట్టే అవకాశం అదనం. వీళ్ళని 'ఒత్కాజ్నిక్'లు అనేవారు, అంటే కాదనిపించుకున్నవాళ్ళు. 1972లో అలెగ్జాండర్ వొరొనెల్ అనే భౌతికశాస్త్రవేత్త వీళ్ళ కోసం ఇంట్లోనే సెమినార్ మొదలుపెట్టాడు. ఆయన వెళ్ళిపోయాక మార్క్ అజ్బెల్, తర్వాత విక్టర్ బ్రాయిలోవ్‌స్కీ నడిపారు. మామూలు అపార్ట్‌మెంట్ హాలు, దొరికిన కుర్చీలు, అసలైన భౌతికశాస్త్రం. సఖరోవ్ కూడా ఆ గదుల్లోకి వచ్చేవాడు. 1974లో నిక్సన్ మాస్కో వచ్చే సమయానికి వీళ్ళు అంతర్జాతీయ సెమినార్ తలపెడితే, నిర్వాహకుల్ని ముందుగానే పట్టుకెళ్ళి లోపలేశారు. బిగ్ బ్యాంగ్ మిగిల్చిన మైక్రోవేవ్ కిరణాలు కనిపెట్టినందుకు 1978లో నోబెల్ అందుకున్న ఆర్నో పెన్జియాస్, మాస్కో వెళ్ళి ఆ ఇంటి సెమినార్లో మాట్లాడాడు. ఆయన తనే చిన్నప్పుడు హిట్లర్ జర్మనీ నుంచి తప్పించుకొచ్చిన యూదు పిల్లవాడు. 1980 నవంబర్లో బ్రాయిలోవ్‌స్కీని అరెస్టు చేశారు, అయిదేళ్ళ ప్రవాసం వేశారు.

ఉద్యోగం, జీతం, బయటికెళ్ళే దారి అన్నీ పోయినవాళ్ళు ముందుగా మళ్ళీ కట్టుకున్నది ఒక సెమినార్‌ని! మొదట ఇది చదివినప్పుడు నాకు కాస్త అతిగా అనిపించింది. సిద్ధాంతం చేసేవాడికి కాయితం, కలం చాలు కదా, ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు కదా అని. దీనికి జవాబు నాకు గోర్కీలో దొరికింది.

*

సఖరోవ్‌కి గోర్కీలో కావలసినంత తీరిక ఉంది. గుమ్మం దగ్గర ఇరవై నాలుగు గంటలూ పోలీసు. ఫోను లేదు. రాసుకున్న ఆత్మకథ కాయితాలు సంచీతో సహా దొంగిలించారు, ఒకసారి కాదు. 1984లో భార్య వైద్యం కోసం నిరాహారదీక్ష చేస్తే ఆస్పత్రిలో కట్టేసి బలవంతంగా తిండి కుక్కారు. అయినా అక్కణ్ణించే విశ్వోత్పత్తి మీద పేపర్లు రాశాడు. 1982లో ఒకటి, 1984లో ఇంకొకటి.

ఆయన అంతకుముందు చేసిన గొప్ప పని కూడా ఆ దారిదే. విశ్వం మొదట్లో పదార్థం, ప్రతిపదార్థం సమానంగా ఉండి ఉంటే రెండూ ఒకదాన్నొకటి తినేసి వెలుగు మాత్రమే మిగలాలి. మరి మనం ఎలా మిగిలాం? వంద కోట్లకి ఒకటి చొప్పున పదార్థం ఎక్కువ కావాలంటే ఏయే షరతులు ఉండాలో 1967లో సఖరోవ్ మూడు చెప్పాడు. అందులో ఒకటి, లాండావ్ 1957లో ప్రతిపాదించిన ఒక సౌష్ఠవ నియమం భంగం కావడం. 1964లో అమెరికాలో ఒక ప్రయోగం ఆ నియమం నిజంగానే భంగమవుతుందని చూపించింది. గురువారపు గదిలో పుట్టిన ఒక మాట తప్పని తేలడంతోనే, మనం ఎందుకున్నామన్న ప్రశ్నకి దారి తెరుచుకుంది. ఈ ఒక్క ఉదాహరణ చాలు నాకు. ఇక్కడ తప్పు చెప్పడం పాపం కాదు, ఎవరూ ఆపకపోవడమే నష్టం.

ఫియాన్ వాళ్ళు సఖరోవ్ పేరు తమ విభాగం నుంచి తీసేయలేదు. తీసేస్తే పైవాళ్ళు సంతోషించేవారేమో కూడా. పైగా అనుమతి తెచ్చుకుని, సాధారణంగా ఇద్దరిద్దరు చొప్పున, గోర్కీ వెళ్ళి వచ్చేవారు. ఆ ఏప్రిల్‌లోనే గింజ్‌బుర్గ్ స్వయంగా వెళ్ళాడు. కొత్త పేపర్లు, ప్రీప్రింట్లు పట్టుకెళ్ళేవారు. విశ్వం తొలి క్షణంలో ఒక్కసారిగా ఉబ్బిందన్న ఇన్‌ఫ్లేషన్ ఊహ మీద అప్పుడే ఫియాన్‌లో ఆంద్రేయ్ లిండే పనిచేస్తున్నాడు. విశ్వోత్పత్తి శాస్త్రం నెలనెలకీ మారిపోతున్న రోజులవి. పేపర్లయితే పోస్టులో కూడా పంపొచ్చు. మనుషులు వెళ్ళడం దేనికి? ఎదురుగా కూర్చుని, "ఆగండి, ఈ మెట్టు నాకు అర్థం కాలేదు" అనడానికి. మన లెక్కలో తప్పు మనకి కనిపించదు. నేను రాసిన కోడ్‌లో బగ్ నాకు కనిపించనట్టే. ఎవరికో వివరించబోయి మధ్యలో నోరు తడబడినప్పుడు కనిపిస్తుంది. ఆ ఒకటి రెండు గంటలు గోర్కీ అపార్ట్‌మెంట్లో మంగళవారం జరిగేదన్నమాట. గురువారాల్లో ఉన్న రాజూ లేడు, బుధవారాల్లో ఉన్న జనమూ లేరు. ముగ్గురు మనుషులు, గుమ్మం బయట ఒక పోలీసు.

*

మా నాన్న బీరువాలో విశాలాంధ్ర కొట్లో కొన్న సోవియట్ పుస్తకాలు ఉండేవి. మీర్ ప్రచురణల సైన్స్ పుస్తకాలు నేను చదివింది అక్కడే. మంచి కాయితం, మంచి బొమ్మలు, చవక. నాకు భౌతికశాస్త్రం మీద ఇష్టం పుట్టించింది ఆ దేశమే, నాన్నకి ఆ దేశం మీద నమ్మకం కూడా ఉండేది. సఖరోవ్ పేరు ఆ బీరువాలో ఎక్కడా లేదు. ఈ వ్యాసం రాస్తున్నానని చెబితే నాన్న కాసేపు ఊరుకుని, "మాకెవరూ చెప్పలేదురా" అన్నాడు. కాస్త ఆగి, "మేమూ అడగలేదనుకో" అన్నాడు. దీనిమీద ఆయనతో వాదించాల్సింది ఏమీ మిగల్లేదు.

1986 డిసెంబర్ 15న గోర్కీ అపార్ట్‌మెంట్‌కి హఠాత్తుగా మనుషులొచ్చి ఫోను పెట్టి వెళ్ళారు. మర్నాడు అందులోంచి గోర్బచేవ్ మాట్లాడాడు, తిరిగి రావచ్చన్నాడు. 23వ తేదీ పొద్దున సఖరోవ్ మాస్కోలో రైలు దిగాడు. స్టేషన్ నిండా విలేకరులు. ఏడేళ్ళకి నెల తక్కువ. ఆయనకి 65 ఏళ్ళు, ఆరోగ్యం పాడైపోయి ఉంది. ఇంటికెళ్ళాడు. ఆ రోజు మంగళవారం. మధ్యాహ్నం ఫియాన్‌కి వెళ్ళి సెమినార్లో కూర్చున్నాడు.

పోయిన నెల మా ఆఫీసులో ఒక టెక్ టాక్ ఇచ్చాను. ఆరుగురొచ్చారు. మూడో స్లైడ్ దగ్గర, చేరి రెండు నెలలైనా కాని ఒకమ్మాయి చెయ్యెత్తి, ఈ రెండో బాణం అటే ఎందుకు వెళ్తోంది, ఇటెందుకు రాదు అంది. అలవాటుగా గోడ గడియారం వంక చూశాను. ఇంకా నలభై నిమిషాలుంది. తెలీదన్నాను. ఇద్దరం బోర్డు దగ్గరికెళ్ళాం. మిగతా స్లైడ్లు అలాగే ఉండిపోయాయి.